గోరు కొన కాదు, కీలు చూడండి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డైనోసార్ గోళ్ళ శిలాజాల మీదే. కొందరు కొన్నారు, కొందరికి దొరికాయి, కొందరు కొనబోతూ ఆగి అడిగారు. ఒకే ప్రశ్న రెండు మూడు ఉత్తరాల్లో ఉన్నచోట కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: మ్యూజియంలో చూపించే డైనోసార్ గోరు నిజంగా గోరేనా, ఎముకా? మా తొమ్మిదో తరగతి పిల్లలు పట్టుబట్టి అడుగుతున్నారు. అన్నిటికన్నా పెద్ద గోరు దేనిది?
– ఒక ఉపాధ్యాయురాలు, వరంగల్

జవాబు: ఎముకే. వేలి చిట్టచివరి ఎముక. గేదె కొమ్ము లోపల ఎముక ఉండి, దాని మీద కొమ్ము తొడుగు ఉంటుంది కదా, ఇదీ అంతే. లోపల ఎముక, పైన కెరటిన్ తొడుగు. కెరటిన్ తొందరగా కుళ్ళిపోతుంది కాబట్టి తొడుగు దొరకడం చాలా అరుదు. అంటే జంతువు బతికున్నప్పుడు గోరు ఇప్పుడు మనం చూసే ఎముక కన్నా పొడవుగా, మొనదేలి ఉండేది.

పిల్లలకు బొమ్మ గీసి అయిదు భాగాలు చూపించండి. మిగతా జవాబుల్లోనూ ఈ పేర్లే వాడతాం. వెనక చివర, వేలిలో దీనికి ముందుండే ఎముకతో కలిసే గుంట 'కీలు'. మాంసాహార డైనోసార్లలో ఆ గుంట మధ్యలో నిలువుగా ఒక గట్టు ఉండి దాన్ని రెండు చేస్తుంది. కీలుకు పైన అంచు పొడుచుకొస్తే అది 'పై పెదవి'. కీలుకు కింద ఉండే ముద్ద 'కింది బొడిపె'. వేలిని ముడిచే స్నాయువు అతుక్కునేది అక్కడే. బొడిపె ఎంత పెద్దదైతే పట్టు అంత బలం. రెండు పక్కలా కీలు వైపు నుంచి కొన వైపు సాగేవి 'పక్క గాడులు'. చివరిది 'కొన'.

అన్నిటికన్నా పొడవైన గోళ్ళు థెరిజినోసారస్‌వి. చేతి గోటి ఎముకే 50 సెంటీమీటర్లు దాటుతుంది. అంత గోరు పెట్టుకుని అది తిన్నది ఆకులూ కొమ్మలే. 1948లో సోవియట్–మంగోలియా బృందం గోబీ ఎడారిలోని నెమెగ్ట్ అనే రాతి పొరల్లో వాటిని కనుగొంది. 1954లో పేరు పెట్టిన సోవియట్ శాస్త్రవేత్త మలేయెవ్ అవి తాబేలు లాంటి ఓ భారీ సరీసృపానివి అనుకున్నాడు. గోరు ఒక్కటే చేతికొస్తే నిపుణులకూ ఇలాగే తప్పుతుంది. 

ప్రశ్న: ఒక ప్రదర్శనలో 6.5 సెంటీమీటర్ల గోరు కొన్నాను. చీటీ మీద 'రాప్టర్, హెల్ క్రీక్, మోంటానా' అని ఉంది. కింద చదునుగా ఉంది, వంపు తక్కువ, రెండు గాడులూ ఒకే ఎత్తులో ఉన్నాయి. రాప్టర్‌దేనా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మీరు రాసిన మూడు గుర్తుల్ని బట్టి అది రాప్టర్ (కాలి రెండో వేలికి కొడవలిలా వంగిన పెద్ద గోరున్న మాంసాహార డైనోసార్) కొడవలి గోరు కాదు. కాలి గోరు, బహుశా ఆర్నిథోమైమిడ్‌ది, అంటే నిప్పుకోడిని పోలిన పరుగు డైనోసార్‌ది. ఎందుకో వివరంగా చెప్తాం, ఎందుకంటే బజారులో 'రాప్టర్' అన్న చీటీ తగిలించగానే అదే గోరు ధర కొన్ని రెట్లు పెరుగుతుంది.

మొదట తేల్చుకోవాల్సింది చెయ్యా కాలా అన్నది. మాంసాహార డైనోసార్ల చేతి గోరు పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, బాగా వంగి, పెద్ద కింది బొడిపెతో ఉంటుంది. కాలి గోరు బరువు మోసేది. అందుకే కింద వెడల్పు, అడ్డకోత త్రికోణం, వంపు తక్కువ, బొడిపె బాగా తగ్గిపోయి ఉంటుంది. కొన్నిటిలో బొడిపె స్థానంలో గుంట ఉంటుంది. దీనికి పెద్ద మినహాయింపు రాప్టర్ల కాలి రెండో వేలు. అది కాలిదే అయినా చేతి గోరులా పలచగా, బాగా వంగి, భారీ బొడిపెతో ఉంటుంది. పైగా దాని పక్క గాడులు సమానంగా ఉండవు. ఒకవైపు గాడి రెండో వైపు కన్నా పైకి ఉంటుంది. జాన్ ఆస్ట్రమ్ 1964లో మోంటానా క్లోవర్లీ పొరల్లో కనుగొని 1969లో పేరు పెట్టిన డైనోనికస్ అనే రాప్టర్ గోరు ఫొటోలు దొరికితే పక్కన పెట్టి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక హెల్ క్రీక్ రాతి పొరల సంగతి. ఈ పొరల్లో గోరున్న చిన్న, మధ్యతరహా మాంసాహార డైనోసార్ల కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆర్నిథోమైమిడ్ల కాలి గోరు కింద చదును, చేతి గోరు పొడవుగా, కొంచెమే వంగి ఉంటుంది. ఆ చేతి గోటి బొడిపె కీలు దగ్గర కాకుండా కొన వైపు జరిగి ఉంటుంది. ఈ ఒక్క గుర్తూ కనిపిస్తే ఆర్నిథోమైమిడ్ అని చాలావరకు నమ్మొచ్చు. 2014లో పేరు పెట్టిన ఆంజూ (పళ్ళు లేని ముక్కున్న, పక్షిలాంటి డైనోసార్) కుటుంబం చేతి గోళ్ళు బాగా వంగి, పెద్ద బొడిపెతో, స్పష్టమైన పై పెదవితో ఉంటాయి. రాప్టర్ అని అమ్ముడుపోయేవాటిలో ఇవి తక్కువేం కావు. 2020లో వర్ణించిన ట్రైయరార్కంకస్ అనే చిన్న డైనోసార్ బొటనవేలి గోరు చిన్నదే, కొక్కెంలా వంగి ఉంటుంది, దాన్నీ పొరబడతారు. నిజమైన రాప్టర్లలో అఖిరోరాప్టర్‌కు 2013లో పేరు పెట్టింది దవడ ఎముకల ఆధారంగా. 2015లో వచ్చిన డకోటారాప్టర్ కొడవలి గోరు బయటి వంపు వెంబడి 24 సెంటీమీటర్లు. అయితే ఆ నమూనాలో విష్‌బోన్ (మెడ కింద రెండు భుజాల మధ్య ఉండే ఎముక) అనుకున్న ముక్క తాబేలు చిప్పదని తర్వాత తేలింది. కాబట్టి ఆ పేరుతో ఎవరైనా గోరు అమ్మజూపితే ఆచితూచి అడుగెయ్యండి.

పెద్దవైతే టైరనోసార్. కాలి గోరు దిట్టంగా, మొద్దుగా, తక్కువ వంపుతో ఉంటుంది. చిన్న టైరనోసార్ గోరు టి. రెక్స్ పిల్లదా, వేరే జాతి నానోటైరనస్‌దా అన్న వాదం దశాబ్దాల పాటు నడిచింది. 2025లో 'డ్యూయెలింగ్ డైనోసార్స్' (ఒకేచోట కలిసి దొరికిన రెండు డైనోసార్లు) నమూనాను పరిశీలించిన పరిశోధన నానోటైరనస్ వేరే జంతువే అంది. పాత చీటీల మీది 'టి. రెక్స్ పిల్ల' అన్న మాటల్లో కొన్నింటిని ఇప్పుడు మళ్ళీ చూసుకోవాలి.

మీ గోరుకు మా సలహా చీటీ ఇది: 'ఆర్నిథోమైమిడ్ కావచ్చు, కాలి గోరు, హెల్ క్రీక్'. కౌంటీ పేరు, ఎవరి పొలమో, ఎప్పుడు తీశారో అమ్మినవాళ్ళను ఇప్పుడే అడిగి రాసుకోండి. ఏడాది తర్వాత వాళ్ళకూ గుర్తుండదు.

ప్రశ్న: పన్నెండు అంగుళాల గోరు అని కొన్నాను. స్కేలు పెడితే పది కూడా లేదు. మోసపోయానా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఒక్క కొలత చూసి అలా అనలేం. అమ్మేవాళ్ళు దారం పెట్టి బయటి వంపు మీద కొలుస్తారు. మీరు కొన నుంచి కీలు పై అంచుకు తిన్నగా కొలిచారు. లెక్క చూడండి. గోరు వృత్తంలో 90 డిగ్రీల చాపం అనుకుంటే, తిన్నగా 10 సెంటీమీటర్లు ఉన్నది వంపు మీద 11.1 అవుతుంది. 120 డిగ్రీలైతే 12.1. అంటే బాగా వంగిన గోరుకు అయిదో వంతు తేడా సహజమే. అంతకు మించితే అనుమానించండి. రెండు కొలతలూ రాసి ఉండని చీటీని నమ్మొద్దు. శాస్త్రవ్యాసాల్లో కూడా ఏది కొలిచారో చూసుకోకుండా పోల్చకూడదు.

ప్రశ్న: మొరాకో నుంచి వచ్చిన 14 సెంటీమీటర్ల 'స్పైనోసారస్ చేతి గోరు' ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. అక్కడి సరుకులో నకిలీలు ఎక్కువంటున్నారు. ఇంట్లో ఎలా పరీక్షించాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పూర్తి నకిలీ కన్నా ఎక్కువగా కనిపించేది సగం నిజం. అసలు ఎముక కీలు వైపు సగమే ఉంటుంది, కొన, బొడిపె రెజిన్‌తోనో (గట్టిపడే ప్లాస్టిక్ బంక) ఇసుక–జిగురుతోనో కట్టినవి. లేదా రెండు వేర్వేరు గోళ్ళ ముక్కలు అతికించినవి. మొరాకో ఆగ్నేయాన కెమ్ కెమ్ పొరల ఇసుకరాయి మెత్తన, ఎముకలు అందులోంచి విరిగే బయటకొస్తాయి. అక్కడి ఎర్ఫూద్, రిస్సానీ ఊళ్ళ చుట్టుపక్కల వాటిని అతికి బాగుచెయ్యడం ఏళ్ళ తరబడి సాగుతున్న వృత్తి. బాగుచెయ్యడం తప్పు కాదు. చెప్పకపోవడం తప్పు.

పరీక్షలు, ఎముకకు హాని తక్కువ ఉన్నదాంతో మొదలుపెట్టి:

ముందు పది రెట్లు పెద్దది చేసే భూతద్దం. అసలు ఎముక మీద సన్నని నాళాల రంధ్రాలు, పొడవునా నారల్లాంటి గీతలు, విరిగినచోట స్పంజు నిర్మాణం కనిపిస్తాయి. గుండ్రని, నున్నని అంచుల చిన్న గుంటలు వరసగా ఉంటే అవి పోతపోసినప్పుడు చిక్కుకున్న గాలి బుడగలు. వీపు మీద నిలువుగా సన్నని గీత నడిస్తే అచ్చు రెండు ముక్కల అతుకు.

తర్వాత పక్క గాడి వెంట కళ్ళు నడిపించండి. గాడి సగంలో ఆగిపోయినా, పగులు దాటాక ఒక మిల్లీమీటరు పైకో కిందికో జరిగినా, వంపులో మెలిక ఉన్నా అక్కడ చెయ్యి పడింది. సహజమైన పగుళ్ళు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కలోకి కొనసాగాలి. పగుళ్ళే లేని కొన అనుమానాస్పదం.

చీకటి గదిలో అతినీలలోహిత టార్చి. 365 నానోమీటర్లది తీసుకోండి. చవకగా దొరికే 395 రకం తన ఊదా వెలుతురుతోనే అంతా కప్పేస్తుంది. చాలా జిగుర్లు, రెజిన్లు నీలం తెలుపుగా మెరుస్తాయి, ఎముక వేరుగా కనిపిస్తుంది. కాల్సైట్ (సున్నపు ఖనిజం) నిండిన పగుళ్ళు కూడా మెరుస్తాయి సుమా. మెరుపు చూసి నకిలీ అనెయ్యకండి, అది ఏ ఆకారంలో ఉందో చూడండి. పగులు వెంట సన్నని గీత అయితే అతుకో కాల్సైటో, కొన మొత్తం అయితే కట్టిన కొన.

ఎసిటోన్ ముంచిన దూదిపుల్లతో కీలు లోపలి భాగంలో, కనపడనిచోట రుద్దండి. రంగు దూదికి అంటితే పూత ఉంది. కాని నిజాయితీగా గట్టిపరచడానికి వాడే జిగురు కూడా ఎసిటోన్‌లో కరుగుతుంది, కాబట్టి దూదికి జిగురు అంటడం ఒక్కటే దోషం కాదు. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చెయ్యండి.

చివరిది వేడి సూది. ఎర్రగా కాల్చిన సూదిని కనపడని మూల తాకించండి. రెజిన్ కరిగి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. శిలాజ ఎముక కరగదు. మచ్చ పడుతుంది కాబట్టి ఇది మిగతావి తేల్చనప్పుడే.

చుట్టూ ఇసుక అంటి ఉందంటే అసలుదని అనుకోకండి. అసలు ఇసుకరాయి మీ వేలి గోటితో గీస్తే రేణువులుగా రాలుతుంది. జిగురు కలిపిన ఇసుక పెచ్చులుగా లేస్తుంది.

ఇక పేరు. అన్నీ నెగ్గినా 'స్పైనోసారస్' అని ఖాయంగా అనలేం. అదే పొరల్లో కార్కరోడాంటోసారస్, డెల్టాడ్రోమియస్, అబెలిసారిడ్లు ఉన్నాయి, మొసళ్ళ బంధువులు ఉన్నాయి. విడి గోరు 'పెద్ద మాంసాహార డైనోసార్, చేతి గోరు' దగ్గర ఆగడం మర్యాద. అక్కడి చిన్న గోళ్ళను 'రాప్టర్' అని అమ్మడం మరీ దారుణం. కెమ్ కెమ్ నుంచి రాప్టర్ అస్థిపంజరం ఏదీ వర్ణించలేదు.

ప్రశ్న: మా ఊరి దగ్గర వాగులో నల్లగా, వంకరగా, గోరులాంటి రాయి దొరికింది. డైనోసార్‌దేనా? ఇంకా తవ్వితే దొరుకుతాయా?
– ఒక డిగ్రీ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: మీరుండేది సరైన చోటే. ప్రాణహిత–గోదావరి లోయలో ట్రయాసిక్ కాలపు మలేరి, జురాసిక్ కాలపు కోట పొరలు ఉన్నాయి. యామనపల్లి దగ్గర దొరికిన పొడుగు మెడ శాకాహారి కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. అలాంటిదే అయిన బరపాసారస్ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. మలేరి పొరల మాంసాహారి ఒకదానికి 2025లో మలేరిరాప్టర్ అని పేరు పెట్టారు. పేరులో రాప్టర్ ఉన్నా ఇది కొడవలి గోరు రాప్టర్ల కుటుంబం కాదు, వాటికన్నా చాలా పాతదైన హెరెరాసార్ల గుంపు.

అయినా వాగులో దొరికిన వంకర రాళ్ళలో ఎక్కువ భాగం గోళ్ళు కావు. మలేరి ఎర్రమట్టిలో సున్నపు గడ్డలు, ఇనుప గడ్డలు రకరకాల వంకర్లతో దొరుకుతాయి. విరిగినచోట చూడండి. లోపల ఒకే ముద్దగానో, ఉల్లిపొరల్లాగానో ఉంటే గడ్డ. స్పంజులా రంధ్రాలుండి బయట గట్టి పొర ఉంటే ఎముక. నాలుకకు అంటుకుంటే ఎముక అంటారు, అది సగం నిజం. బంకమట్టి కూడా అంటుకుంటుంది, రాయిగా మారిన ఎముక అంటుకోదు. వాగులో రాయి నోట్లో పెట్టుకోవడం అసలే మంచిది కాదు.

ఎముకే అయినా ఇంకో చిక్కు ఉంది. మలేరి పొరల్లో డైనోసార్ల కన్నా రింకోసార్లు ఎక్కువ. హైపెరోడాపెడాన్ అనే ఈ శాకాహారికి పై దవడ ముందు భాగం ముక్కులా కిందికి వంగి రెండు మొనలుగా ఉంటుంది. విరిగి విడిపడితే అచ్చం పెద్ద గోరే. తేడా ఒక్కటే: దానికి కీలు లేదు. వెనక చివర నున్నని గుంట, మధ్యలో గట్టు, కింద బొడిపె, పక్కన గాడి, వీటిలో ఒక్కటీ లేకపోతే అది గోరు కాదు. పైగా రింకోసార్ కాలికీ మట్టి తవ్వే గోళ్ళున్నాయి.

కోట పొరల డైనోసార్లు ఎక్కువగా పొడుగు మెడ శాకాహారులు. వాటి గోళ్ళు కాలి వేళ్ళకు పెద్దవి, పక్కలు నొక్కినట్టు, ఒకవైపుకు మెలి తిరిగి ఉంటాయి. చేతికి బొటనవేలి గోరు ఒక్కటే చెప్పుకోదగ్గది. కాబట్టి మీ రాయి అరచెయ్యి కన్నా పెద్దగా, మొద్దుగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.

తవ్వొద్దు. వాగు గట్టున ఎముక పొరలో గుచ్చుకుని కనిపిస్తే దాన్ని తీసెయ్యడంతో అది ఏ పొరదో అన్న సమాచారం పోతుంది. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు, దూరం నుంచి గట్టు మొత్తం కనిపించే ఫొటో ఒకటి, ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు, ఇవి తీసుకుని హైదరాబాద్ బండ్లగూడలోని జియోలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయానికి రాయండి. మీ కాలేజీ భూగర్భశాస్త్ర అధ్యాపకుల ద్వారా వెళ్తే పని తొందరగా అవుతుంది. అటవీ భూమి అయితే రాయి కదిలించడానికి కూడా అనుమతి కావాలి.

ప్రశ్న: పిల్లలతో ఆల్బర్టాలో డైనోసార్ శిలాజాలకు పేరున్న డ్రమ్‌హెల్లర్ వెళ్తున్నాం. నేల మీద గోరు కనిపిస్తే తెచ్చుకోవచ్చా?
– కాల్గరీ, కెనడా

జవాబు: పార్కులో అయితే వద్దు. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో, నేల మీద పడి ఉన్నది ఆల్బర్టా నివాసులు తీసుకోవచ్చు. కాని అది మీది కాదు, ప్రభుత్వానిది. మీరు కాపలాదారు మాత్రమే. అమ్మకూడదు, రాష్ట్రం దాటించకూడదు. గట్టులో గుచ్చుకున్నదాన్ని తవ్వడానికి పర్మిట్ కావాలి, అది వృత్తి శాస్త్రవేత్తలకే ఇస్తారు. రాయల్ టిరెల్ మ్యూజియం వాళ్ళకు ఫొటో, స్థలం పంపండి.

ప్రశ్న: వయోమింగ్‌లో ఒక ప్రైవేటు రాంచిలో (పశువులు మేపే పెద్ద పొలం) డబ్బు కట్టి తవ్వే శిబిరానికి వెళ్తున్నాను. గోరు కనిపిస్తే విరక్కుండా ఎలా తీయాలి? దానికి పత్రాలేం కావాలి?
– ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: పత్రాల సంగతి ముందు. అమెరికాలో ఫెడరల్ భూముల మీద వెన్నెముక జీవుల శిలాజాలు అనుమతి లేకుండా తియ్యడం 2009 చట్టం ప్రకారం నేరం. ఆ అనుమతి పరిశోధకులకే ఇస్తారు. ప్రైవేటు భూమిలో దొరికింది భూమి యజమానిది. కాబట్టి ఏది మీ వెంట తెచ్చుకోవచ్చో, ఏది వాళ్ళు ఉంచుకుంటారో రాతపూర్వకంగా ముందే తీసుకోండి. 'అరుదైనది దొరికితే మాదే' అన్న షరతు చాలా శిబిరాల్లో ఉంటుంది, గోరు సాధారణంగా ఆ జాబితాలోకి వస్తుంది. రాంచి మధ్యలో ఫెడరల్ భూమి ముక్కలు ఉండొచ్చు, హద్దు మ్యాప్ అడగండి.

ఇప్పుడు పని. గోరు ఎక్కువగా కొన వైపే విరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఎముక సన్నం, చుట్టూ మట్టి మాత్రం ఒకేలా లాగుతుంది. అందుకే కొన ఎటు ఉందో తేలేవరకు పక్కల్లో తవ్వకండి. పైనుంచి బ్రష్‌తో, చెక్క పుల్లతో మట్టి తీస్తూ వీపు గీత మాత్రం బయటపెట్టండి. సగం కన్నా ఎక్కువ తెరవొద్దు. శుభ్రం చెయ్యాల్సింది తవ్వినచోట కాదు, బల్ల మీద.

ఫొటోలు తీయండి: స్కేలు, ఉత్తరం బాణం, పొర కనిపించే దూరపు ఫొటో. పక్కన వేరే వేలి ఎముకలు ఉన్నాయేమో చూడండి. ఒక్క వేలి ఎముక కలిసి దొరికినా గుర్తింపు పదింతలు తేలికవుతుంది.

ఎముక పొడిగా ఉండి పగుళ్ళుంటే పారలాయిడ్ బి-72 అనే గట్టిపరిచే జిగురు వాడండి. 100 మిల్లీలీటర్ల ఎసిటోన్‌లో 5 గ్రాములు. గింజల్ని పలచని గుడ్డలో మూటకట్టి ఎసిటోన్‌లో వేలాడదీసి రాత్రంతా ఉంచితే గడ్డ కట్టకుండా కరుగుతాయి. గాజు సీసా వాడండి. డ్రాపర్‌తో పగుళ్ళలో చుక్కలు వేస్తూ పోండి, పీల్చుకోవడం ఆగేవరకు. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. ఎండలో పోస్తే ఎసిటోన్ లోపలికి దిగేలోపే ఆవిరై జిగురు పైనే పొర కడుతుంది. గొడుగు నీడలో చెయ్యండి. ఎముక తడిగా ఉంటే బి-72 తెల్లబారుతుంది, అప్పుడు ఆగి ఆరనివ్వండి. ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ, ఫెవికాల్ జోలికి పోకండి. మొదటిది తర్వాత తియ్యడం కష్టం, రెండోది తేమకు మెత్తబడి కదులుతుంది.

తర్వాత గోరు చుట్టూ మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల మట్టి వదిలి చుట్టూ కాలువ తవ్వండి. గోరు ఒక దిమ్మె మీద నిలిచి ఉంటుంది. దిమ్మె అడుగు కొంచెం లోపలికి కోయండి. తడి టిష్యూ కాగితం రెండు మూడు పొరలు అద్దండి. ఇది మరిచిపోతే ప్లాస్టర్ ఎముకకే అంటుకుంటుంది. దాని మీద ప్లాస్టర్ బ్యాండేజీ పట్టీలు, లేదా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనె పట్టీలు ఒకదాన్నొకటి కప్పేలా రెండు పొరలు. ప్లాస్టర్ కలిపేటప్పుడు పొడి నీళ్ళలో వెయ్యాలి, నీళ్ళు పొడిలో పొయ్యకూడదు. పట్టీ అంచు దిమ్మె అడుక్కి మడవాలి, లేకపోతే తిప్పినప్పుడు మట్టితో సహా గోరు జారి కింద పడుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక, వేడి తగ్గాక, అడుగు కోసి ఒక్క ఊపున తిప్పండి. పైన మార్కర్‌తో తేదీ, స్థలం, పై వైపు బాణం.

కొన లేకపోతే నిరాశపడకండి. వాలు కింద మట్టిని ఒకటి రెండు మిల్లీమీటర్ల జల్లెడతో పట్టండి. 1983 జనవరిలో ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో స్మోక్‌జాక్స్ మట్టి గనిలో విలియం వాకర్ అనే ప్లంబర్‌కు పెద్ద గోరు దొరికింది. ఇంట్లో అతికించి చూస్తే కొన లేదు. కొన్ని వారాలకు తిరిగి వెళ్ళి గంటసేపు వెతికితే అది దొరికింది. బయటి వంపు మీద సుమారు 31 సెంటీమీటర్లున్న ఆ గోరే 1986లో పేరు పెట్టిన బేరియోనిక్స్ అనే మాంసాహార డైనోసార్‌ది.

ప్రశ్న: ఇంగ్లండ్ దీవి ఐల్ ఆఫ్ వైట్ నుంచి బంధువు తెచ్చిన గోరు మీద వానాకాలంలో తెల్లటి బూడిద వస్తోంది. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ వస్తోంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తడిగుడ్డ వెంటనే ఆపండి. వాసన చూడండి. గంధకం వాసన, కింద పెట్టిన కాగితం గోధుమరంగుకు తిరిగి పెళుసవడం ఉంటే అది పైరైట్ జబ్బు. ఎముక రంధ్రాల్లో పెరిగిన పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) తేమతో, గాలితో కలిసి ఆమ్లం, ఇనుప లవణాలు తయారు చేస్తుంది. అవి ఉబ్బి ఎముకను లోపలి నుంచి పగలగొడతాయి. వాసన లేకుండా గాజు పలుకుల్లా మెరిస్తే ఉప్పు లేదా జిప్సం, సముద్రపు ఒడ్డు సరుకులో మామూలే. పలచని తెల్ల పొరగా ఉండి ఎసిటోన్‌తో పోతే పాత జిగురు తెల్లబారింది, భయం లేదు.

పైరైట్ అయితే పొడి బ్రష్‌తో దులిపి, మిగతా శిలాజాల నుంచి వేరు చేసి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. చిన్న డిజిటల్ తేమ మీటరు లోపల ఉంచండి. తేమ 40–50 శాతం మధ్య ఉండాలి. 60 దాటితే జబ్బు ఊపందుకుంటుంది. కాకినాడలో వానాకాలం 80 దాటడం మామూలే కాబట్టి అల్మారాలో పెడితే సరిపోదు. మరీ ఎండబెట్టినా మట్టి నిండిన ఎముక పగులుతుంది. జెల్ రంగు మారినప్పుడు 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఎండబెట్టి మళ్ళీ వాడండి. లోపల చేరిన ఆమ్లాన్ని తీసే రసాయన చికిత్స మ్యూజియం సంరక్షకుల పని, ఇంట్లో ప్రయత్నించొద్దు.

ప్రశ్న: మంగోలియా 'టార్బోసారస్' గోరు తక్కువకే వస్తోంది. కొనొచ్చా?
– బెంగళూరు

జవాబు: వద్దు. మంగోలియాలో శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, ప్రైవేటు ఎగుమతికి అనుమతి లేదు. 2012లో న్యూయార్క్‌లో వేలానికి వచ్చిన టార్బోసారస్ అస్థిపంజరాన్ని అమెరికా కోర్టు ద్వారా స్వాధీనం చేసుకుని 2013లో మంగోలియాకు తిరిగిచ్చారు. చైనా, అర్జెంటీనా, బ్రెజిల్ సరుకుదీ దాదాపు ఇదే కథ. అల్మారాలో పెట్టుకోవడానికే అయితే మంచి అచ్చు కొనండి. అసలు నమూనా నుంచి తీసిన అచ్చులో గాడులు, బొడిపె అన్నీ ఉంటాయి, పోల్చి నేర్చుకోవడానికి విరిగిన అసలు ముక్క కన్నా అదే నయం.

ప్రశ్న: ఫొటో పంపితే దేని గోరో చెప్తారా?
– చాలామంది

జవాబు: ప్రయత్నిస్తాం, కాని ఆరు ఫొటోలు కావాలి: రెండు పక్కలు, పైన, కింద, కీలు ఎదురుగా, కొన ఎదురుగా. ఇప్పటిదాకా వచ్చినవాటిలో కీలు ఫొటో దాదాపు ఎవరూ పంపలేదు, మాకు మొదట కావలసింది అదే. స్కేలు గోరుతో సమాన ఎత్తులో పెట్టండి, బల్ల మీద పడేస్తే కొలత తప్పుతుంది. ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే కొన పెద్దగా, కీలు చిన్నగా వచ్చి వంపు మారిపోతుంది. అందుకని ఒక మీటరు దూరం నుంచి జూమ్ చేసి తీయండి. వెలుతురు ఎడమ పైనుంచి ఏటవాలుగా పడనిస్తే గాడి ఎత్తు తెలుస్తుంది. చేతిలో పట్టుకున్న ఫొటో వద్దు, వేళ్ళు కప్పేది సరిగ్గా బొడిపెనే.

ఫొటోలతో పాటు స్థలం, పొర పేరు రాయండి. అవి లేకపోతే 'మాంసాహార డైనోసార్ చేతి గోరు' అన్నంతకు మించి చెప్పం. 1998లో అర్జెంటీనాలో మెగారాప్టర్‌కు పేరు పెట్టినప్పుడు దాని భారీ గోరును కాలి కొడవలి గోరనే అనుకున్నారు. 2004లో మరో నమూనాలో చెయ్యి మొత్తం కలిసి దొరికాక అది చేతి మొదటి వేలిదని తేలింది.